శనివారం గోట్ బిర్యానీ విషయం

అందరికీ నమస్కారం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం పుల్‌మన్‌లో ఉన్న మా హోటల్‌కి రోజూ వచ్చే పిల్లలకు, చదువైపోయి సియాటెల్ వైపు స్థిరపడినా మ్యాచ్‌కి వస్తూ ముందే బిర్యానీ ట్రేలు చెప్పి పెట్టుకునేవాళ్లకు ఈ సంగతి నేనే చెప్పాలి. ఇకమీదట గోట్ బిర్యానీ ప్రతి శనివారం ఉండదు. ఊళ్లో మన వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారమే చేస్తాం. అదీ మంగళవారంలోపు చెప్పినవాళ్లకే. మిగతావన్నీ మామూలే.

ఈ మధ్యే వచ్చిన పిల్లలు "మ్యాచ్‌కీ బిర్యానీకీ ఏంటి అంకుల్ సంబంధం" అంటున్నారు. చాలా ఉంది. 2022 జూన్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్ఏ మనం ఆడే పాక్-12 లీగ్ వదిలి బిగ్ టెన్ అనే ఇంకో లీగ్‌కి వెళ్తున్నట్టు చెప్పాయి. బిగ్ టెన్‌కి టీవీ కంపెనీలు ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైనే ఇస్తున్నాయి మరి. మరుసటి ఏడు కొలరాడో కదిలింది. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు యూనివర్సిటీలు లేచిపోయాయి. అందులో సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ కూడా ఉంది. నెల తిరక్కుండా స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఎక్కడో అట్లాంటిక్ తీరపు ఏసీసీ లీగ్‌లో చేరాయి. వందేళ్లు దాటిన లీగ్‌లో మిగిలింది మనమూ, ఒరెగాన్ స్టేటూ. ఆటలో ఓడి కాదు, మనది చిన్న ఊరు, టీవీ చూసే జనం తక్కువ అని వదిలేశారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పాత లీగ్ ఉండగా ఒరెగాన్ వాళ్లో, యూఎస్‌సీ వాళ్లో వస్తే శుక్రవారం సాయంత్రానికే ఊరు నిండేది. సియాటెల్ నుంచి మనవాళ్లు ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చి, రెండు రోజులుండి వెళ్లేవాళ్లు. మనకీ వాషింగ్టన్ యూనివర్సిటీకీ జరిగే యాపిల్ కప్ మ్యాచ్ కూడా 2024లో సియాటెల్‌లోనే పెట్టారు. 24-19తో మనమే గెలిచాం, సంతోషమే, కానీ ఆ శనివారం మా వంటిల్లు ఖాళీ. 2025లో మన యూనివర్సిటీ ట్రాక్ జట్టులో త్రోలు, జంప్‌లు ఎత్తేశారు. ప్రాక్టీస్ అయ్యాక వచ్చి కడుపునిండా తినే పిల్లలు వాళ్లు.

జనం తగ్గేసరికి స్పోకేన్ వైపు నుంచి మాంసం తెచ్చే ఆయన చేతులెత్తేశాడు. ఇన్నేళ్లూ శుక్రవారం పొద్దున్నే ఎముకతో, నల్లితో, మేం చెప్పిన సైజులో కొట్టించి తెచ్చేవాడు. మంచు పడ్డా వచ్చేవాడు. అలాంటి మనిషి ఒక గురువారం రాత్రి, "ఇంత చిన్న ఆర్డర్‌కి బండి పంపలేను" అని మెసేజ్ పెట్టాడు. ఫోన్ కూడా చెయ్యలేదు. మర్నాటికి ట్రేలు చెప్పినవాళ్లున్నారు. కుంకుమ పువ్వు పాలలో నానబెట్టి ఉంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి లేదని చెప్పాల్సి వచ్చింది. వ్యాపారంలో లెక్క ఎవరికైనా ఉంటుంది, కాదనను. నెల ముందు చెబితే ఏం పోయేది?

ఆ తర్వాత ఫ్రోజెన్ గోట్ తెప్పించి చూశాం. బేసిన్‌లో మంచు కరిగేసరికి సగం ఎర్రనీళ్లే. దమ్‌కి పెట్టి మూత తీస్తే ముక్క పీచులు పీచులుగా విడిపోయి అన్నంలో కలిసిపోయింది. మా ఆవిడ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ప్లేట్ పక్కకి జరిపింది. లాంబ్ వేసి గోట్ అని రాయమని ఒకరు, రేటు పెంచమని ఒకరు, హోటల్ ఎత్తేసి సియాటెల్ పక్కనున్న బోథెల్ వచ్చేయమని ఇంకొకరు సలహా ఇచ్చారు. వారాల తరబడి మా ఇంట్లో ఇదే గొడవ. లాంబ్‌ని గోట్ అని అమ్మడం నా చేతకాదు. స్టూడెంట్ల దగ్గర రేటు పెంచలేను. ఊరు వదిలే ప్రసక్తే లేదు.

ఇప్పుడు మా చుట్టుపక్కల పలూస్ ప్రాంతం రైతు ఒకాయన మేకలు ఇస్తానన్నారు. ఇన్‌స్పెక్షన్ ఉన్న చోటే కోయించాలి, ముందుగా రోజు ఖాయం చేసుకోవాలి. మంగళవారం గడువు అందుకే. ముక్క మాత్రం పాతదానికి ఏమాత్రం తీసిపోదు.

2026 జూలై 1 నుంచి బోయిసీ స్టేట్, శాన్ డియెగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్‌లతో పాక్-12 మళ్లీ నిలబడుతోంది. బాస్కెట్‌బాల్‌కి స్పోకేన్‌లోని గొన్జాగా యూనివర్సిటీ వస్తోంది. బోయిసీ వాళ్లు కారేసుకుని రాగలిగే దూరమే. వాళ్లొచ్చే శనివారం పొద్దున పదికే తలుపులు తీస్తాం.

మాంసం రాని ఆ శుక్రవారం ట్రేలకి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లలో ఇంకా ఎవరైనా డబ్బు వెనక్కి తీసుకోకపోతే కౌంటర్‌లో పేరు చెప్పండి, అక్కడికక్కడే ఇచ్చేస్తాం.