గీతలకు వారంటీ వర్తించదు

సంపాదకులకు,

వాడిన ల్యాప్‌టాప్ కొనేవారిలో చాలామంది, వారంటీ ఇంకా మిగిలి ఉందనగానే మూతమీది గీతలు, సొట్టలు కూడా ఉచితంగా బాగుచేస్తారని నమ్ముతున్నారు. నేనూ అలాగే నమ్మి సర్వీసు కేంద్రం నుంచి వట్టిచేతులతో తిరిగివచ్చాను. వారంటీ సాధారణంగా తయారీ లోపాలకే పరిమితం. గడువును కూడా మనం కొన్న రోజు నుంచి కాక, మొదటి కొనుగోలు తేదీ నుంచే లెక్కిస్తారు కనుక, డబ్బు చెల్లించకముందే సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి.

పైపై గీతలను వదిలేయవచ్చు. రంగుపూత ఉన్న అల్యూమినియం మూతను రుద్దితే గీతకు ముందే పూత పోతుంది. కానీ నా ల్యాప్‌టాప్ మూతను కలిపే కీలు (హింజ్) పక్కన కనిపించిన వెంట్రుకంత పగులు, మూత తెరిచిన ప్రతిసారీ కాస్త పెరుగుతూ వచ్చింది. అది బయటి దెబ్బా, తయారీ లోపమా అన్నది కంపెనీయే తేలుస్తున్నప్పుడు, తిరస్కరణకు కారణాన్ని ఫొటోలతో సహా రాతపూర్వకంగా ఇవ్వడం తప్పనిసరి చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు