గ్రాంట్ కోర్సు చివర కాదు, మొదటి వారంలోనే కావాలి

గౌరవనీయులైన నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను వెల్డింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని.

కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు మొదటిరోజు రబ్బరు చెప్పులతో వర్క్‌షాప్‌కి వచ్చాడు. నిప్పురవ్వ పాదం మీద పడితే బొబ్బలెక్కుతుంది కాబట్టి మెషిన్ దగ్గరికి రానివ్వలేదు, దూరంగా నిలబడి చూడమన్నాను. మర్నాడు వాళ్లన్న బూట్లు వేసుకొచ్చాడు. వదులైతే వేళ్ల దగ్గర గుడ్డపీలికలు కుక్కుకున్నాడు. చెయ్యి ఎంత నిలకడంటే, రెండు వారాలకే అతను వేసే బీడ్, అంటే అతుకు మీద కరిగిన లోహపు గీత, ఎక్కడా తెగకుండా ఒకే వెడల్పులో వచ్చేది. అలాంటి చెయ్యి అందరికీ ఉండదండీ.

రెండో నెలలో మానేశాడు. ఫీజు లేదు కదరా, ఎందుకు మానేశావంటే, "నేనిక్కడుంటే ఇంటికి కూలి డబ్బులు ఎవరు తెస్తారు సార్?" అన్నాడు. ఆ బ్యాచ్ పిల్లలకు ఖర్చులకిచ్చే గ్రాంట్ మంజూరైంది కూడా. కోర్సు అయిపోయాక ఖాతాల్లో పడింది. అప్పటికి అతను లేడు.

ఫీజు తీసేయడం మంచిదే. కానీ పేదింటి పిల్లల్ని మధ్యలో మాన్పించేవి బస్ ఛార్జీ, బూట్లు, గ్లవ్స్, మధ్యాహ్నం భోజనం. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ రోజు పోయిన కూలి.

2000 తర్వాత తొలి ఏళ్లలో కొలంబియా 'హోవెనెస్ ఎన్ అక్సియోన్' అనే పథకం నడిపింది. పేద యువతకు మూడు నెలలు క్లాసు, మూడు నెలలు కంపెనీలో పని. రోజుకింతని భత్యం. చిన్నపిల్లలున్న తల్లులకు ఇంకాస్త ఎక్కువ. బిడ్డను ఎవరు చూసుకుంటారన్నది కూడా ఆలోచించారు, నాకు బాగా నచ్చింది అదే. 2005లో సీట్లకు లాటరీ తీసి పరిశీలిస్తే, సీటు వచ్చిన అమ్మాయిల సంపాదన రానివాళ్లకన్నా దాదాపు 20 శాతం ఎక్కువగా తేలింది.

పేదింటి పిల్లలు చదువు మానకుండా బ్రిటన్ 2004లో దేశమంతా తెచ్చిన ఈఎంఏ (ఎడ్యుకేషన్ మెయింటెనెన్స్ అలవెన్స్) అనే భత్యమైతే వారం వారం పడేది, ఆ వారం హాజరుంటేనే. డబ్బు దుర్వినియోగమవుతుందని మీ అధికారులకు టెన్షన్ ఉంటే ఈ పద్ధతి చూడమనండి.

బూట్లు, గ్లవ్స్, హెల్మెట్ మొదటిరోజే చేతికివ్వండి. ఆదాయ ధ్రువపత్రం ఆలస్యమైతే అది వచ్చేదాకా భత్యం ఆపకండి. వచ్చే బ్యాచ్‌కి మొదటి వారం డబ్బు ఆ వారంలోనే పడేలా ఉత్తర్వు ఇప్పించండి. హాజరుపట్టీ ప్రతి శనివారం నేనే పంపుతాను.

ఇట్లు,
ఒక వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్