క్యారవాన్ లాగే కారు: కొనేముందే చూడవలసినవి

సంపాదకులకు నమస్కారం.

కారు వెనక క్యారవాన్ (చక్రాల మీది చిన్న ఇల్లు) తగిలించుకుని, ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) వైపు వెళ్లి పిల్లాపాపలతో రెండు రోజులు గడపాలని మా జయపురంలో కొన్ని కుటుంబాలు ముచ్చటపడుతున్నాయి. సంతోషమే గాని, కారు రంగు, స్క్రీను, సీట్ల గురించి జరిగే చర్చలో సగమైనా అది లాగగల బరువు గురించి జరగడం లేదు.

తయారీదారు అనుమతించిన ఆ బరువు మాన్యువల్‌లో లేకపోతే, ఆ కారును ఈ పనికి ఎంచుకోకపోవడమే మేలు. బ్రిటన్‌లో కొత్తవారికి చెప్పే లెక్క ప్రకారం సామానుతో సహా క్యారవాన్ బరువు కారు బరువులో 85 శాతం మించకూడదు. అంటే 1,800 కిలోల కారుకు 1,530 కిలోలు. ఎత్తు ఎక్కడానికి తక్కువ ఆర్‌పీఎంలోనే, అంటే ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, మంచి టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇచ్చే టర్బో డీజిల్ నయం.

అయితే కొరాపుట్ ఘాట్ వంటి చోట ఎక్కడం కంటే దిగడమే కష్టం. అదే పనిగా బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. వెనక నుంచి క్యారవాన్ నెడుతుంటే ఆ ప్రమాదం మరీ ఎక్కువ కాబట్టి, దిగుడు మొదలవకముందే తక్కువ గేరు వేయాలి, క్యారవాన్‌కు సొంత బ్రేకులూ ఉండి తీరాలి. నీళ్ల క్యాన్లు, గ్యాస్ బండ, బియ్యం మూట ఇరుసుకు దగ్గరగా, కిందనే సర్దాలి. వెనక మూలకు తోస్తే బండి పాములా ఊగుతుంది.

ఒక షోరూములో అడిగితే "ఏదైనా లాగేస్తుంది సార్" అన్నారే తప్ప అంకె చెప్పలేదు. ప్రతి డీలరూ ధరల పట్టిక పక్కనే ఆ అంకెను రాసి పెట్టేలా రవాణా అధికారులు ఆదేశించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జయపురం, కొరాపుట్ జిల్లా