సగటు పాఠం కథతో మొదలుపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏడో తరగతిలో ‘అంకగణిత సగటు’ పాఠం వస్తుంది. కూడి భాగించమంటే పిల్లలు ఇట్టే చేసేస్తారు. వచ్చిన అంకె ఏం చెబుతోందని అడిగితే నోరు మెదపరు. క్లాసు సగటు 62 అంటే అందరికీ ఇంచుమించు 62 మార్కులు వచ్చాయనుకునేవాళ్లే ఎక్కువ.

ఒక ఏడాది బోర్డు మీద ఈ లెక్క రాశాను: ఐదుగురు పిల్లలకు దొరికిన రేగుపళ్లు 8, 5, 4, 3, 0. సగటెంత? చాలామంది 5 అని రాశారు. సున్నాను వదిలేసి నలుగురితో భాగించారన్నమాట. మర్నాడు అదే లెక్కను కథగా చెప్పాను. బడి వదలగానే ఐదుగురూ రేగుచెట్టు కిందికి పరిగెత్తారు. అందరికంటే చిన్నదానికి కొమ్మ అందలేదు. ఒడి ఖాళీ, కళ్లనిండా నీళ్లు. పెద్దవాడు అందరి పళ్లూ ఒక తువ్వాలులో పోయించి, మళ్లీ సమంగా పంచాడు. తలా ఎన్ని? ‘నాలుగు’ అని క్లాసంతా అరిచింది. కాగితం మీది సున్నాను మరచిపోయిన పిల్లలే, ఖాళీ ఒడితో నిలబడ్డ పాపను మరచిపోలేదు.

మన పాత కథలూ ఇందుకు పనికొస్తాయి. నలదమయంతుల కథలో అయోధ్య రాజు ఋతుపర్ణుడు రథం మీద వెళుతూ, ఒక తాండ్రచెట్టు రెండు కొమ్మల్లో 2,095 కాయలున్నాయంటాడు. అతని సారథి బాహుకుడి రూపంలో ఉన్న నలుడు చెట్టు నరికి లెక్కపెడితే సరిగ్గా సరిపోతాయి. అక్కడ కథ ఆపి, నరక్కుండా ఎలా చెప్పగలిగాడని అడిగాను. ‘నాలుగు రెమ్మల్లో కాయలు లెక్కపెట్టి, సగటు తీసి, మొత్తం రెమ్మలతో హెచ్చవేసి ఉంటాడు టీచర్’ అంది ఒకమ్మాయి. ‘అలాగైతే కచ్చితంగా అన్నే ఎలా వస్తాయి?’ అని వెనక బెంచీ పిల్లవాడు అడ్డం తిరిగాడు. గంట కొట్టినా ఆ వాదన తెగలేదు. నా ఉద్యోగంలో అంతకంటే మంచి పీరియడ్ నాకు గుర్తులేదు.

గుంటూరు పిల్లలకైతే మిర్చి యార్డు కథ ఒకటి కావాలి. మంచి కాయ క్వింటాలు 15 వేలు, రంగు పోయిన తాలు కాయ 7 వేలు పలికిందనుకుందాం. రెండూ కలిపి సగం చేస్తే 11 వేలు. కానీ వానకు తడిసి పదింట ఎనిమిది క్వింటాళ్లు తాలైపోయిన రైతుకు క్వింటాలుకు పడేది 8,600 మాత్రమే. ఈ తేడా తెలిసిన పిల్లకే యార్డు నుంచి వచ్చిన తండ్రి దిగులు అర్థమవుతుంది.

పాఠశాల విద్యాశాఖ ఇలాంటి కథలు మన రచయితల చేత రాయించి, బొమ్మలతో అచ్చువేసి ప్రతి బడికీ పంపాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కాబట్టి ఊళ్లోని లైబ్రరీల్లోనూ ఇవి ఉండాలి. మీ పత్రిక పిల్లల పేజీలో వారానికొక లెక్కల కథ వేయండి. జవాబు మాత్రం ఆ వారమే ఇవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని తేల్చుకోవడానికి పిల్లలకు వారం రోజులు గడువివ్వండి.

– ఒక విశ్రాంత లెక్కల టీచరు, బ్రాడీపేట, గుంటూరు