ఒక్క స్క్రూ పెట్టడానికి మీకేం పోయింది?

కస్టమర్ కేర్ వారికి,

మీ కప్ప బొమ్మ గురించి విజయవాడ పటమట నుంచి మీకు ఇది నా మూడో మెయిల్. మొదటి రెండింటికీ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, 349 రూపాయలు వాపసు చేస్తాం" అని అచ్చుగుద్దినట్టు ఒకటే జవాబు వచ్చింది. నాకు కలిగింది అసౌకర్యం కాదండీ. జరిగింది మళ్ళీ చెప్తాను, ఈసారైనా ఎవరో ఒక మనిషి చదవండి.

పోయిన నెల బీసెంట్ రోడ్డులో మీ పాటలు పాడే కప్ప బొమ్మ కొన్నాం. మా పాపకి ఏడాదిన్నర. మా అత్తయ్య కొండపల్లి బొమ్మ కొందామంటే, రంగు నాకేస్తుందేమోనని నేనే వద్దన్నాను (ఆ మాట ఆవిడ ఇప్పటికీ రోజుకోసారి గుర్తుచేస్తున్నారు). నాలుగో రోజు సాయంత్రం కప్ప మంచం మీద నుంచి కింద పడింది, మోకాలెత్తు కూడా ఉండదు. అడుగున మూత ఊడిపోయింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి గచ్చు మీద ఒక బటన్ సెల్ (బిళ్ళలా ఉండే చిన్న బ్యాటరీ) ఉంది, రెండోది లేదు, పాపేమో ఏదో నములుతోంది.

నోట్లో వేలు పెట్టి చూస్తే మరమరాలు. కానీ సెల్ మింగేసి తర్వాత మరమరాలు తిన్నదేమో ఎవరికి తెలుసు? మంచం జరిపాం, పరుపు దులిపాం, దొరకలేదు. అత్తయ్య అరటిపండు పెడితే దిగిపోతుందన్నారు, రూపాయి బిళ్ళ మింగితే మా ఇళ్ళల్లో చేసేది అదే. మా ఆయన వద్దని, పాపని ఎత్తుకుని బండి తీశారు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆ పది నిమిషాల టెన్షన్ నేను మీకు రాసి చెప్పలేను.

అరటిపండు పెట్టకపోవడమే మంచిదైందని డాక్టరు గారు చెప్పారు. మీది 20 మిల్లీమీటర్ల లిథియం సెల్, రూపాయి బిళ్ళంత. అది గొంతు దిగాక అన్నవాహికలో ఇరుక్కుంటే, పగిలి కారక్కర్లేదట, అక్కడి తడికే కరెంటు పారి క్షారం పుట్టి రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుందట. ఎక్స్‌రేలో బిళ్ళయితే ఒక గుండ్రం, సెల్ అయితే అంచున రెండు గుండ్రాలు కనిపిస్తాయని కూడా అప్పుడే తెలిసింది. మా పాప ఎక్స్‌రేలో ఏ గుండ్రమూ లేదు. రెండో సెల్ మర్నాడు పొద్దున ఊడుస్తుంటే బీరువా కింద నుంచి వచ్చింది.

ఇప్పుడు మీ సంగతి. ఆ మూతకి స్క్రూ లేదు, గోటితో లాగితే వచ్చేస్తుంది. స్క్రూ పట్టే కన్నం మాత్రం ఉంది! అంటే పెట్టాలని మీకు తెలుసు, పెట్టలేదు. బొమ్మల్లో బటన్ సెల్ పనిముట్టు లేకుండా గానీ, ఒకేసారి రెండు రకాలుగా తిప్పితే గానీ బయటికి రాకూడదన్న నియమం మీకు నేను చెప్పాలా? డబ్బా మీద పాకే పసిబిడ్డ ఫోటో వేసి, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో మూడేళ్ళు పైబడినవారికి అని రాశారు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మీ డబ్బా మీద మార్కు ఉంది, దానితో ఉండాల్సిన లైసెన్సు నంబరు లేదు. నంబరుంటే, ఆ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసేదాన్ని. షాపతన్ని అడిగితే "అన్నీ ఇలాగే వస్తాయమ్మా" అన్నాడు.

పిల్లల్ని పెద్దవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలని మీ ఫోన్లో అమ్మాయి నాకు చెప్పింది. ఆ అమ్మాయి మీద కోపం లేదు, చెప్పమన్నది చెప్పింది. ఇంట్లో ముగ్గురం ఉండగానే ఇది జరిగిందని మాత్రం రాసుకోండి.

మీ 349 నాకొద్దు. ఈ బొమ్మని షాపుల్లోంచి వెనక్కి తీసుకోండి, కొన్నవాళ్ళకి మూత సంగతి తెలిసేలా ప్రకటన ఇవ్వండి, ఆ లైసెన్సు నంబరు నాకు రాతపూర్వకంగా పంపండి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, బీఐఎస్‌కి ఫిర్యాదు పెడతాను, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లు, డబ్బా, ఎక్స్‌రే అన్నీ ఉన్నాయి. బొమ్మని కొరియర్‌లో పంపమన్నారు కదా, పంపను. చూడాలంటే మీ మనిషిని మా ఇంటికి పంపండి, సెల్స్‌తో సహా స్టీలు డబ్బాలో పెట్టి అటక మీద దాచాను.

ఇట్లు,
పటమట నుంచి ఒక తల్లి