పల్లె క్లినిక్‌లో నర్సుకు పరీక్షించే సమయం దక్కాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

గోదావరి డెల్టా పల్లెల్లో ఎవరైనా పక్షవాతంతో మంచాన పడినా, నడివయసులోనే గుండెపోటుతో పోయినా, పలకరించడానికి వెళ్లిన వారికి వినిపించే మాట ఒక్కటే: ‘నిన్నటిదాకా బాగానే ఉన్నాడండీ’. చాలా ఇళ్లలో అది నిజం కాదు. రక్తపోటు ఏళ్ల తరబడి పెరిగి ఉంటుంది, దాన్ని ఎవరూ సరిగా చూసి ఉండరు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో సంభవించిన మరణాల కారణాలను కుటుంబ సభ్యులను అడిగి తెలుసుకుని, 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. అంటురోగాలతో పోయినవారు అందులో సగం కూడా లేరు. ఇది పట్నం జబ్బు అనుకునే రోజులు మన ప్రాంతంలో ఇరవై ఏళ్ల కిందటే పోయాయి.

2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా (మన పల్లె క్లినిక్‌లు ఇవే) మార్చి, నర్సింగ్ పట్టభద్రులను ఎంఎల్‌హెచ్‌పీలుగా, అంటే డాక్టరు లేని చోట ప్రాథమిక వైద్యం చూసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిగా, నియమించడం మొదలుపెట్టినప్పుడు, నర్సింగ్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్నిగా నేను ఎంతో సంతోషించాను. ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, స్త్రీలకు అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయేమో చూడాలన్నది మంచి విధానం. ఆ పనికి ఎంచుకున్న మనిషీ సరైన మనిషే. అయితే ఆమె చేయవలసిన ఆరోగ్య పరిశీలన క్రమంగా ఫోనులో అంకెలు నమోదు చేయడంగా కుదించుకుపోతోంది. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

బీపీ చూడటమే తీసుకోండి. మనిషి కనీసం ఐదు నిమిషాలు కూర్చుని సేద తీరాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. కఫ్ చేతి లావుకు తగినదై, చొక్కా మీద కాకుండా ఒంటికి చుట్టాలి. అరగంట ముందు నుంచి టీ, చుట్ట, బీడీ ముట్టకూడదు, చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, కొద్ది వ్యవధి ఇచ్చి రెండోసారి చూడాలి. ఇవి ప్రతి నర్సింగ్ విద్యార్థినికీ మొదటి ఏడాదిలోనే నేర్పుతాం. మా చుట్టుపక్కల క్లినిక్‌లలో నేను చూస్తున్నది వేరు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన రైతు బల్ల మీద కూర్చోగానే కఫ్ చుట్టేస్తారు, వచ్చిన అంకె నమోదవుతుంది, వరుసలో తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆ అంకెను నమ్మి అవసరం లేనివాడికి జీవితకాలం మాత్రలు రాయవచ్చు, అవసరమున్నవాడిని ఇంటికి పంపవచ్చు. దీనికి నేను ఆ అమ్మాయిలను తప్పుపట్టడం లేదు. సాయంత్రంలోగా ఇన్ని పేర్లు పూర్తి కావాలని పైనుంచి ఒత్తిడి వస్తున్నప్పుడు ఐదు నిమిషాల విశ్రాంతి ఎక్కడి నుంచి తెస్తారు?

పైగా పరిశీలన అంకెతో పూర్తి కాదు. మన ప్రాంతంలో షుగర్ ఉన్నవారిలో ఎందరో ఊడ్పుల కాలమంతా చెప్పుల్లేకుండా బురదలో నిలబడేవారే, రొయ్యల చెరువుల్లో దిగేవారే. పాదం స్పర్శ కోల్పోయినవారికి గవ్వ గీసుకున్నా ముల్లు దిగినా తెలియదు. ఆ పుండు ముదిరి కాకినాడ పెద్దాసుపత్రికి చేరేసరికి వేళ్లో, కొన్నిసార్లు కాలో తీసేయవలసి వస్తుంది. పది గ్రాముల ఒత్తిడి దగ్గర వంగే సన్నని నైలాన్ తీగను పాదంలో నాలుగైదు చోట్ల ఆనించి, ‘తెలుస్తోందా?’ అని అడిగితే ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టవచ్చు. వేళ్ల సందులు విడదీసి చూడటానికీ, పాదం మీద నాడి ఆడుతోందో లేదో వేలితో తాకి తెలుసుకోవడానికీ ఏ పరికరమూ అక్కర్లేదు. ఇవే జిల్లాల్లో బోదకాలు బాధితులు ఇప్పటికీ ఉన్నారు; కాలు రోజూ కడిగి, మడతల్లో తడి లేకుండా తుడుచుకోవడం నేర్పితే జ్వరంతో కాలు వాచే బాధ చాలావరకు తగ్గుతుంది. బీపీ మాత్రలు వాడే వృద్ధులను కూర్చోబెట్టి చూశాక, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడాలి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే, ఆ ముసలమ్మ తెల్లవారుజామున లేచి దొడ్లోకి వెళుతూ తూలిపడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం ఉందని, మాత్రల మోతాదు గురించి డాక్టరును అడగాలని అర్థం.

నోటి పరీక్షకూ స్థానిక కారణం ఉంది. గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు పేరుపడింది, దాని అలవాటు పెద్దతరంలో ఇంకా పోలేదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన స్త్రీలలో అడ్డపొగ తాగేవారు ఉంటే, మంట ఉన్న కొస నోట్లోనే ఉంటుంది కనుక ముందుగా అంగిలిని చూడాలి. నోరు తెరవమని టార్చి వేసి బుగ్గలు, నాలుక మాత్రమే చూస్తే అంగిలి మీది తెల్లమచ్చ దొరకదు. స్త్రీల ఇతర పరీక్షల గురించి ఒక్క మాట చెబుతాను: తలుపుకు గడియ, మంచానికి తెర లేని గదిలో వాటికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాలని అనడమూ న్యాయం కాదు.

కోనసీమలో ఎన్నో ఇళ్లలో కోడలో కూతురో కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తుంటే, అరవై దాటిన దంపతులు మనవలను పెంచుతున్నారు. కాబట్టి మాత్రలు ఎవరు తెస్తారు, రాత్రిపూట ఎవరు ఉంటారు, మాత్రల చీటీ చదవగలిగేవారు ఇంట్లో ఉన్నారా అని అడగడం కూడా ఆరోగ్య పరిశీలనే. ‘ఉప్పు తగ్గించండి’ అని గోడమీద రాస్తే సరిపోదు. రోజుకు ఐదు గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఉప్పు, ఆవకాయ బద్దలు రెండు, ఉప్పుచేప ముక్క ఒకటి వేసుకునే భోజనంలో ఎక్కడెక్కడి నుంచి చేరుతోందో ఆ ఇంట్లో వంట చేసేవారిని అడిగి తెలుసుకున్నాకే ఏది తగ్గించాలో చెప్పగలం. ఎండుచేప మానలేని కుటుంబానికి కనీసం దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండమని చెప్పవచ్చు.

నర్సు ఇలా పరీక్షించడం డాక్టర్ల అధికారాన్ని లాక్కోవడమని కొందరు వైద్యులు భయపడుతున్నారు. మందు మొదలుపెట్టేది డాక్టరే, క్లినిక్‌లో నర్సు కొనసాగించేది ఆయన నిర్ణయించిన చికిత్సనే. అమెరికాలో 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్స్ ప్రాక్టీషనర్ (ఉన్నత శిక్షణతో రోగులను స్వయంగా పరీక్షించే నర్సు) శిక్షణను ప్రారంభించినది కూడా ఒక నర్సు, ఒక పిల్లల వైద్యుడు కలిసే. మనకు 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఉన్నత శిక్షణ పొందిన నర్సు గ్రామంలో స్వతంత్రంగా ఏమేమి పరీక్షించి నిర్ణయించవచ్చో స్పష్టంగా రాసుకోవడానికి ఇది తగిన సమయం.

జిల్లా వైద్య ఆరోగ్యాధికారులను నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వారంలో కనీసం రెండు పూటలు ఎంఎల్‌హెచ్‌పీలను సమావేశాలకు, ఇతర సర్వేలకు పిలవకుండా, ముందే సమయం చెప్పి రప్పించిన కొద్దిమందిని పూర్తిగా పరీక్షించేందుకు వదిలేయాలి. పెద్ద కఫ్, నైలాన్ తీగ, తెర ప్రతి క్లినిక్‌కూ ఇవ్వాలి. నెలవారీ సమీక్షలో ఎంతమందికి బీపీ చూశారన్నది అడగడం తగ్గించి, గతంలో ఎక్కువగా ఉన్నవారిలో ఎంతమందికి ఇప్పుడు 140/90 కంటే తగ్గిందన్నది అడగాలి. అలా అడిగిన నెల నుంచే, మాత్రలు మానేసిన వారి ఇంటికి వెళ్లడానికి నర్సుకూ ఆశా కార్యకర్తకూ కారణం దొరుకుతుంది.

లంక గ్రామాల విషయంలో ఆలస్యం పనికిరాదు. 2022 జూలై వరదల్లో కాజ్‌వేలు మునిగి, పడవలే దిక్కయినప్పుడు మాత్రలు అయిపోయినవారి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇన్సులిన్ వాడేవారు, డయాలసిస్‌కు వెళ్లేవారు, నెలలు నిండిన గర్భిణుల పేర్లను జూన్ నాటికే క్లినిక్‌లో సిద్ధం చేసి, బీపీ, షుగర్ మాత్రలు రెండు నెలలకు సరిపడా ముందే ఇచ్చేలా ఈ ఏడాదే ఉత్తర్వులు జారీ చేయాలని మనవి.

ఇట్లు,
విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు,
పి. గన్నవరం మండలం, కోనసీమ జిల్లా.