హెడ్ లీజు తేదీ చూశావా?

ఒరేయ్ మామా,

అద్దె జాగా ఖాళీ చేయమని నోటీసొచ్చిందంటూ నువ్వు రాసిన ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. "నా అగ్రిమెంటులో ఇంకా రెండేళ్లు ఉంది, నన్నెవడు కదుపుతాడు" అని రాశావు చూడు, అచ్చం అదే మాట అప్పట్లో నేనూ కనబడినవాళ్లందరితో అన్నాను. రెండోసారి చదివేసరికి నవ్వు పోయింది. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

ముందు ఒక్క ప్రశ్న. నీకు జాగా అద్దెకిచ్చినాయనకు ఓనరు రాసిచ్చిన అసలు లీజు, అదే హెడ్ లీజు, ఏ తేదీతో ముగుస్తుంది? నువ్వు సంతకం పెట్టిన కాగితం సంగతి కాదు నేనడిగేది, ఆయన సంతకం పెట్టిన కాగితం. నువ్వు చూసి ఉండవు. నేనూ చూడలేదు. చూపించమంటే ఆయన్ని అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడ్డాను. ఆయన చాలా మర్యాదస్తుడు మరి, నేను వెళ్లినప్పుడల్లా లేచి నిలబడేవాడు.

నా సబ్ లీజు, అంటే ఆయన తను తీసుకున్న జాగాను నాకు తిరిగి అద్దెకిచ్చింది, ఐదేళ్లు. ఆయన లీజులో అప్పటికి మిగిలింది మూడేళ్లే. అంటే తన చేతిలో లేని రెండేళ్లు నాకు రాసిచ్చాడన్నమాట. మూడేళ్లు నిండిన రెండు నెలలకు ఓనరు తరఫు మనిషి ఒక జిరాక్సు పట్టుకుని వచ్చాడు. నా ఆఫీసులో నా కుర్చీలో కూర్చున్న నన్ను చూసి "మీరెవరండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నేను పడ్డ అవస్థ ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మామూలు లెక్కలో చెట్టు పడిపోతే కొమ్మా పడిపోతుంది. హెడ్ లీజు గడువు తీరిందంటే దాని మీద ఆధారపడ్డ సబ్ లీజు కూడా తీరిపోయినట్టే, నీ కాగితంలో ఎన్నేళ్లు రాసుకున్నా సరే. కానీ "తీరిపోవడం" అంటే ఎలా తీరింది అన్నదాన్ని బట్టి కథ మారిపోతుందని మా లాయరు చెప్పేదాకా నాకు తెలీదు. ఇది జాగ్రత్తగా చదువు, నీ కేసు దీని మీదే తిరుగుతుందని నా అనుమానం.

మధ్యలో ఉన్నాయన గడువుకు ముందే ఓనరుతో మాట్లాడుకుని తాళాలు అప్పగించేశాడనుకో. దాన్ని సరెండర్ అంటారు. వాళ్లిద్దరూ చేతులు కలుపుకుని మూడోవాడి హక్కు తుడిచేయడానికి వీల్లేదు. మన ఆస్తి బదిలీ చట్టం, అదే 1882 నాటిది, అందులో 115వ సెక్షన్ సరిగ్గా ఈ మాటే చెబుతుంది: సరెండర్ వల్ల సబ్ లీజు చెడదు, అద్దె మాత్రం ఇకనుంచి ఓనరుకు కట్టాలి. సబ్ లీజు షరతులు, అద్దె మొత్తం తప్ప, హెడ్ లీజు షరతుల్లాగే ఉండాలన్న మెలిక ఒకటుంది. అదే ఆయన అద్దె ఎగ్గొట్టినందుకో, షరతు తప్పినందుకో ఓనరు లీజు రద్దు చేస్తే నీదీ పోతుంది. నిన్ను ముంచడానికే ఓనరు ఆ నాటకం ఆడించాడనో, లేదా కోర్టు ఆ రద్దునే ఆపిందనో అయితే తప్ప. ఇక మామూలుగా గడువు నిండితే నాకు జరిగిందే నీకూ. నీకొచ్చిన నోటీసులో "గడువు ముగిసింది" అని ఉందో, "అప్పగించారు" అని ఉందో రాయలేదు నువ్వు. ఆ ఒక్క మాట చూడు.

ఇంగ్లండ్‌లో అయితే వ్యాపారం చేసుకునేవాడికి ఇంత గాలిలో దీపం బతుకు కాదు. అక్కడ 1954 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం రెండో భాగం కింద, ఆ జాగాలో కూర్చుని వ్యాపారం నడిపే సబ్ లీజుదారుకు కూడా గడువు తర్వాత కొనసాగే హక్కు ఉంటుంది. కొత్త లీజు కోసం కోర్టుకు వెళ్లొచ్చు, 15 ఏళ్ల దాకా ఇప్పించొచ్చు. ఓనరు పడగొట్టి కట్టుకుంటాననో, తనకే కావాలనో నిరూపిస్తే ఇవ్వరు. ఆ రక్షణ వద్దని ముందే రాసిచ్చేసే పద్ధతీ ఉందిలే, చాలామంది పెద్ద ఓనర్లు అదే రాయించుకుంటారట. అక్కడే 1946లో మిల్మో వర్సెస్ కరేరాస్ అని ఒక తీర్పు. తనకున్న గడువు కంటే ఎక్కువ కాలానికి సబ్ లీజు ఇచ్చినవాడు, తన దగ్గర ఇంకేమీ మిగుల్చుకోలేదు కాబట్టి లీజు మొత్తం బదిలీ చేసేసినట్టేనని తేల్చారు. అది చదివినప్పుడు మా మర్యాదస్తుడే గుర్తొచ్చాడు.

మళ్లీ నా గోలకు వస్తాను. గడువు ముగిసిందని తెలీక రెండు నెలల అద్దె మధ్యనున్నాయనకే కట్టాను. ఓనరు "అది నాకు రాలేదు, నాకు కట్టు" అన్నాడు. ఈయనేమో "మీ అగ్రిమెంటు నాతో, అద్దె నాకే ఇవ్వాలి" అంటాడు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నువ్వు ఈ నెల ఇంకా కట్టలేదన్నావు కదా, దేవుడు నీ పక్షాన ఉన్నాడు. ఇద్దరికీ ఒకే ఉత్తరం రాయి: డబ్బు సిద్ధంగా ఉంది, ఎవరికి చెల్లించాలో రాతపూర్వకంగా తేల్చి చెప్పండి, అందాకా విడిగా ఉంచుతున్నాను అని. ఎగ్గొట్టినవాడివి కావని రేపు చూపించుకోవడానికి అదే పనికొస్తుంది.

ఓనరు నీ దగ్గర డబ్బు తీసుకుంటే ఏమవుతుందో కూడా చెబుతాను, ఇదే అసలు రుచి ఉన్న చోటు. మన ఆస్తి బదిలీ చట్టంలోనే 116వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. "ఎ" తన ఇల్లు "బి"కి ఐదేళ్లకు ఇస్తాడు. "బి" దాన్ని నెలకు 100 రూపాయలకు "సి"కి ఇస్తాడు. ఐదేళ్లు అయిపోతాయి, "సి" కదలడు, అద్దె నేరుగా "ఎ"కి కడతాడు. అప్పుడు "సి" లీజు నెలనెలా కొనసాగినట్టే. ఒరేయ్, ఆ "సి" మనమే! కాకపోతే మురిసిపోకు. నెలవారీ లీజు పదిహేను రోజుల నోటీసుతో పోతుంది. పైగా ఓనరు ఒప్పుకుని తీసుకున్నట్టు ఉండాలి. మా ఓనరు లాయరు తెలివైనవాడు, చెక్కు తీసుకుంటూనే "ఇది అద్దె కాదు, అనుమతి లేకుండా వాడుకున్నందుకు నష్టపరిహారం" అని కాగితం పంపాడు. ఆ ఒక్క వాక్యంతో నా "సి" ఆశలు ఆవిరి.

నువ్వు "కోర్టులో నన్ను పార్టీగా చేర్చకుండా నన్నెలా పంపిస్తారు" అని రాశావు. పంపిస్తారు. 1964లో రూప్‌చంద్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, ఓనరు అసలు లీజుదారు మీద ఖాళీ చేయించే దావా వేసినప్పుడు సబ్ లీజుదారును చేర్చాల్సిన అవసరం లేదని, ఆ డిక్రీ, అంటే కోర్టు ఆదేశం, అతనికీ వర్తిస్తుందని చెప్పింది. వాళ్లిద్దరూ కుమ్మక్కై మోసం చేశారని నువ్వు చూపించగలిగితే వేరు. కాబట్టి దావా పడిందని తెలిస్తే నువ్వే వెళ్లి చేర్చుకోమని అడగాలి. ఇంకోవైపు, కోర్టు ఆర్డరు లేకుండా రాత్రికి రాత్రి తాళం మార్చడం ఓనరు వల్ల కూడా కాదు. మార్చాడా, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు డిపాజిట్. ఓనరును అడగకు, పరువు పోతుంది. ఆయన నీ దగ్గర పైసా తీసుకోలేదు. అది మధ్యనున్నాయన బాకీ. ఆయన మాత్రం నీకంటే ఎక్కువ టెన్షన్‌లో ఉంటాడు, ఇది బాగా గుర్తుపెట్టుకో. గడువు నాటికి జాగా ఖాళీగా అప్పగించాల్సిన బాధ్యత ఆయనది. నువ్వు లోపల ఉన్నంత కాలం ఓనరు ఆయన మెడ మీద కూర్చుంటాడు. నేను ఈ సంగతి ఆలస్యంగా గ్రహించాను. గ్రహించాక మాత్రం మర్యాదస్తుణ్ణి పిలిచి, డిపాజిట్ మొత్తం ఇస్తే ఫలానా తేదీకి తాళాలు ఇస్తానన్నాను. బేరాలాడాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, చివరకు ముప్పాతిక వంతు ఇచ్చాడు. మిగతా పావు, ఆ రెండేళ్ల నష్టం కోసం దావా వేద్దామనుకుని అగ్రిమెంటు తీసి చూస్తే, "ఈ సబ్ లీజు హెడ్ లీజుకు లోబడి ఉంటుంది" అని పదకొండో పేజీలో ఒక లైను. మా లాయరు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. దావా నిలబడటం కష్టమని నాకు అర్థమైంది. నీ కాగితంలో ఆ లైను ఉందేమో చూడు.

ఓనరుతో కూడా విడిగా కూర్చున్నాను. నాలుగు నెలలు ఉండనివ్వమని, నెలనెలా తనకే కడతానని, చివరి తేదీ రాసిస్తానని అడిగితే ఒప్పుకున్నాడు. ఖాళీ జాగా కంటే డబ్బు కట్టే మనిషి నయమనుకున్నాడేమో. నీకు ఓనరు ముఖం తెలుసా? తెలీకపోతే లాయరు నోటీసుకు ముందే ఒకసారి వెళ్లి కలువు, ఒంటరిగా.

నువ్వు పెట్టించిన ర్యాకులు, పార్టిషన్లు, ఏసీలు ఉన్నాయి కదా. జాగా నీ స్వాధీనంలో ఉండగానే విప్పుకోవాలి. తాళాలు ఇచ్చాక నావంటే కుదరదు. గోడలు ఎలా ఉన్నాయో అలా వదలాలి మళ్లీ. నేను ర్యాకులన్నీ విప్పుకున్నాను గానీ, బయటి బోర్డు మర్చిపోయాను. ఏడాది దాకా అక్కడే వేలాడింది, నా పేరుతో.

వచ్చే ఆదివారం నేను ఖాళీ. ఈలోగా నీ అగ్రిమెంటు పదకొండో పేజీ కాదు, అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు. హెడ్ లీజు కాపీ కావాలని ఆయనకు ఈరోజే మెసేజ్ పెట్టు. ఏమని జవాబిచ్చాడో, ఎన్ని గంటలు ఆలోచించి ఇచ్చాడో కూడా నాకు రాయి.

నీ,
పాత రూమ్మేటు